మూలం వెదికే యంత్రం

పాఠ్యభాగ పరిచయం

శాస్త్ర సాంకేతిక విషయాలను మాతృభాషలో చెప్పుకోవడం ఆధునిక తెలుగు వచనంలో ఒక ముఖ్యమైన పాయ. ఈ పాఠం ఆ కోవకు చెందిన వ్యాసం. కంప్యూటరులో అప్పటికే ఉన్న సాఫ్ట్‌వేరుకు కొత్త భాగాన్ని చేర్చబోయినపుడు, చెడిన భాగాన్ని బాగుచేయబోయినపుడు ‘ఇన్‌స్టలేషన్ సోర్సు అందుబాటులో లేదు’ అనే సందేశం ఎందుకు వస్తుందో, ఆ చిక్కును ఏ వరుసలో విప్పుకోవాలో ఇందులో వివరించడం జరిగింది. కారణం తెలియకుండా చేసే చికిత్స రోగం కన్నా ప్రమాదకరమని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

1. పది మెగాబైట్ల గడప

2001 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ ఎక్స్‌పి అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసింది. యూనికోడ్ పద్ధతిలో తెలుగు లిపిని చూపగల శక్తి విండోస్‌కు దీనితోనే సమకూరింది. ‘గౌతమి’ అనే తెలుగు ఖతిని కూడా సంస్థ దీనితోపాటే అందించింది. అయితే ఆ శక్తి నిద్రాణస్థితిలో ఉండేది. దానిని మేల్కొలపాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోని ‘రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్’ తెరచి, సంక్లిష్ట లిపుల ఫైళ్లను ఇన్‌స్టాల్ చేయమని సూచించే గడిలో గుర్తు పెట్టవలసి ఉండేది. అందుకు హార్డ్ డిస్కులో 10 మెగాబైట్లు లేదా అంతకు మించిన చోటు అవసరమని ఒక చిన్న ప్రకటన తెరపై కనిపించేది. అంగీకారం తెలిపిన మరుక్షణమే విండోస్ ఎక్స్‌పి సి.డి.ని డ్రైవులో పెట్టమని కంప్యూటరు కోరేది.

ఆనాడు చాలా ఇళ్లలో ఆ సి.డి. ఉండేది కాదు. కంప్యూటరును అమర్చి ఇచ్చిన వ్యక్తి తన వెంట తెచ్చుకొన్న డిస్కుతో పని ముగించి, దానిని తనతోనే తీసుకొని పోయేవాడు. కొందరి వద్ద డిస్కు ఉన్నా గీతలు పడి చదవడానికి వీలుకాకుండా ఉండేది. ఫలితంగా తెలుగులో వచ్చిన ఉత్తరం, తెలుగులో వెలువడిన పత్రిక తెరపై చతురస్రాకారపు డబ్బాల వరుసలుగా మిగిలిపోయేవి. పది మెగాబైట్ల ఫైళ్లు చేతికందక ఒక భాష గడప వద్దనే నిలిచిపోవడం చిన్న విషయం కాదు.

విచిత్రమేమంటే, ఆ ఫైళ్లు కొన్ని కంప్యూటర్లలో హార్డ్ డిస్కు మీదనే ఉండేవి. సి.డి.లోని ‘ఐ386’ అనే ఫోల్డరును తయారీదారులు కొందరు ముందుగానే హార్డ్ డిస్కులోకి నకలు చేసి ఇచ్చేవారు. సి.డి. కోరుతూ కనిపించే పెట్టెలో ‘బ్రౌజ్’ మీట నొక్కి ఆ ఫోల్డరును చూపితే పని పూర్తయ్యేది. ఈ సంగతి తెలియనివారు వెన్న చేతబట్టుకొని నేతికోసం ఊరంతా తిరిగినట్లు సి.డి. కోసం తిరిగేవారు.

2. జాబితా, సరకు

ఒకసారి ఇన్‌స్టాల్ చేసిన తరువాత సాఫ్ట్‌వేరుకు మళ్లీ మూలప్రతితో పని ఏమిటి? ఈ సందేహం సహజమైనది. దీనికి సమాధానం ఇల్లు కట్టే విధానంలో దొరుకుతుంది.

ఇల్లు కట్టేటపుడు మేస్త్రీ చేతిలో ప్లాను ఉంటుంది. ఇటుకలు, సిమెంటు, తలుపులు గోదాములో ఉంటాయి. యజమాని ప్రస్తుతానికి రెండు గదులు చాలునన్నాడు. మేస్త్రీ ఆ రెండు గదులు కట్టి, ప్లానును ఇంట్లోనే భద్రపరచి, సరకు తెచ్చిన గోదాము చిరునామాను ఒక పుస్తకంలో వ్రాసిపెట్టాడు. ఏడాది తరువాత యజమాని మూడవ గది కావాలన్నాడు. ప్లాను ఇంట్లోనే ఉన్నది. సరకు మాత్రం గోదాము నుండి రావాలి. ఆ గోదాము చోటు మారినా, మూతపడినా పని ఆగిపోతుంది.

విండోస్ మీద నడిచే అనేక సాఫ్ట్‌వేర్లను ఇన్‌స్టాల్ చేసే మేస్త్రీ పేరు విండోస్ ఇన్‌స్టాలర్. ఇది 1999లో ఆఫీస్ 2000తో వాడుకలోకి వచ్చింది. దీని ప్యాకేజీలకు ‘ఎం.ఎస్.ఐ.’ అనే పొడిగింపు ఉంటుంది. ఎం.ఎస్.ఐ. ఫైలు నిజానికి పట్టికలతో కూడిన ఒక డేటాబేసు. ఏ ఫైలు ఏ ఫోల్డరులో ఉండాలి, ఏ భాగం దేనిపై ఆధారపడుతుంది, రిజిస్ట్రీలో ఏమి నమోదు కావాలి అన్న వివరాలన్నీ ఆ పట్టికలలో ఉంటాయి. సరకు, అనగా అసలు ఫైళ్లు, తరచుగా ‘క్యాబ్’ అనే కుదింపు సంచులలో ఉంటాయి.

ఇన్‌స్టాల్ పూర్తయిన పిదప విండోస్ ఈ ఎం.ఎస్.ఐ. ఫైలును వేరొక పేరుతో విండోస్ ఫోల్డరులో దాగి ఉన్న ‘ఇన్‌స్టాలర్’ అనే ఫోల్డరులో భద్రపరుస్తుంది. డిస్కులో చోటు ఆదా కావడానికి పాత విండోస్‌లలో సరకును అందులో ఉంచేవారు కాదు. జాబితా మాత్రమే మిగిలేది. కనుక తొలగించడం వంటి పని ఆ జాబితాతోనే సాధారణంగా సాగిపోతుంది. కొత్త భాగాన్ని చేర్చాలన్నా, పోయిన ఫైలును తిరిగి పెట్టాలన్నా సరకు కావాలి. అప్పుడే యంత్రం మూలం కోసం వెదుకుతుంది.

ఆఫీస్ 2000 నాటి నుండి ‘మొదటిసారి వాడినపుడు ఇన్‌స్టాల్ చేయి’ అనే వెసులుబాటు కూడా ఉండేది. ఒక భాగం మెనూలో కనిపిస్తుంది, డిస్కులో ఉండదు. వాడుకరి ఆ మీటను మొదటిసారి నొక్కిన రోజున, అది ఎన్నేళ్ల తరువాతైనా సరే, కంప్యూటరు సి.డి.ని అడుగుతుంది. మూలం కోసం ఎందుకు అడుగుతున్నదో తెలియక వాడుకరి కలవరపడటానికి ఇది ఒక ప్రధాన కారణం.

3. వెదికే తీరు

విండోస్ ఇన్‌స్టాలర్ మూలాన్ని ఇష్టం వచ్చినట్లు వెదకదు. ప్రతి సాఫ్ట్‌వేరుకూ రిజిస్ట్రీలో ఒక మూలాల జాబితా ఉంటుంది. మొదట చివరిసారి ఉపయోగించిన చోటును చూస్తుంది. అక్కడ లేకపోతే, ప్రత్యేకమైన ఆదేశం లేనంతవరకు, నెట్‌వర్కు చిరునామాలను, తరువాత సి.డి. వంటి మాధ్యమాలను, చివరకు ఇంటర్నెట్ చిరునామాలను వరుసగా పరిశీలిస్తుంది. ఎక్కడా దొరకని పక్షంలో 1706 లేదా 1612 అనే సంఖ్యతో దోషసందేశాన్ని ప్రకటిస్తుంది.

చోటు దొరికినంత మాత్రాన సరిపోదు. అక్కడ ఉన్న ఎం.ఎస్.ఐ. ఫైలు పేరు మొదట ఇన్‌స్టాల్ చేసిన నాటి పేరుతో సరిపోవాలి. దానిలోని ఉత్పత్తి సంకేతం, ప్యాకేజీ సంకేతం కూడా సరిపోవాలి. ఈ కట్టుదిట్టం వలననే ఒకే సాఫ్ట్‌వేరుకు చెందిన రెండు డిస్కులలో ఒకటి అంగీకరించబడి, మరొకటి తిరస్కరించబడుతుంది. ప్రొఫెషనల్ కూర్పును ఇన్‌స్టాల్ చేసి స్టాండర్డ్ కూర్పు డిస్కును చూపితే యంత్రం ఒప్పుకోదు.

ఇందులో మరొక సూక్ష్మం ఉన్నది. ఒకే ఫైలును రెండుసార్లు డౌన్‌లోడ్ చేసినపుడు బ్రౌజరు రెండవ ఫైలు పేరు చివర ‘(1)’ అని చేర్చుతుంది. ఆ రెండవ ఫైలుతో ఇన్‌స్టాల్ చేస్తే, ఆ పేరే జాబితాలో నమోదవుతుంది. కొంతకాలం తరువాత ఆ ఫైలును తొలగించి, అదే ప్యాకేజీని అసలు పేరుతో చూపితే యంత్రానికి అది పరాయి ఫైలుగానే తోస్తుంది. పేరును మునుపటివలె మార్చితే చిక్కు విడిపోతుంది.

4. ఒక కార్యాలయంలో

విషయం స్పష్టం కావడానికి ఒక ఊహాచిత్రాన్ని పరిశీలించవచ్చు. అది మండల కేంద్రంలోని ఒక జూనియర్ కళాశాల. పరీక్ష ఫీజు చెల్లించిన విద్యార్థుల వివరాలను మరునాటి సాయంత్రంలోగా పై కార్యాలయానికి పంపాలి. పై నుండి వచ్చిన ఫైలు తెరుచుకోవాలంటే కార్యాలయ సాఫ్ట్‌వేరులో ఇంతకుముందు ఎంచుకోని ఒక భాగాన్ని చేర్చాలి. గుమస్తా ‘యాడ్ ఆర్ రిమూవ్ ప్రోగ్రామ్స్’ తెరచి, ‘చేంజ్’ నొక్కి, ఆ భాగాన్ని ఎంచుకొన్నాడు. పట్టీ సగం వరకు నిండి ఆగిపోయింది. మూలం దొరకలేదని సందేశం వచ్చింది.

బీరువాలో అదే సాఫ్ట్‌వేరు పేరు గల సి.డి. ఒకటి దొరికింది. దానిని పెట్టి చూశాడు. యంత్రం తిరస్కరించింది. పిలిపించిన మెకానిక్ ఒక్క క్షణం చూసి, “ఫార్మాట్ చేసి మొత్తం కొత్తగా వేయాలి సార్, గంటలో అయిపోతుంది” అన్నాడు. ఆ కంప్యూటరులో ఆరు సంవత్సరాల ప్రవేశాల రిజిస్టరు ఉన్నది. దానికి వేరే ప్రతి లేదు.

ఆ సమయానికి భౌతికశాస్త్ర ప్రయోగశాల సహాయకురాలు అటుగా వచ్చింది. “సందేశం మూసేయకండి సార్. అది ఏ ఫైలును అడుగుతున్నదో, ఎక్కడ వెదుకుతున్నదో ముందు కాగితం మీద వ్రాసుకొందాం” అన్నది. పెట్టెలో కనిపించిన చిరునామా సి.డి. డ్రైవుది కాదు, ప్రయోగశాలలో ఒకప్పుడు ఉన్న కంప్యూటరులోని ఒక ఉమ్మడి ఫోల్డరుది. ఆ కంప్యూటరు పాతదై వేసవి సెలవులలో సామాను గదికి చేరింది. బీరువాలో దొరికిన డిస్కు వేరొక కూర్పుకు సంబంధించినది. అసలు డిస్కు కొనుగోలు బిల్లుతో కలిసి ప్రిన్సిపాల్ గారి గదిలోని కవరులో భద్రంగా ఉన్నది.

ఆమె రిజిస్టరు ఫైళ్లను ముందుగా రెండు ఖాళీ సి.డి.ల మీదకు ఎక్కించింది. పిమ్మట అసలు డిస్కులోని ఫైళ్లన్నిటినీ హార్డ్ డిస్కులో ‘మూలప్రతులు’ అనే కొత్త ఫోల్డరులోకి నకలు చేసి, ‘బ్రౌజ్’ ద్వారా అందులోని ఎం.ఎస్.ఐ. ఫైలును చూపింది. ఆగిన పట్టీ కదిలింది. చేర్చవలసిన భాగం చేరింది. మరునాడు మధ్యాహ్నానికే జాబితా పై కార్యాలయానికి వెళ్లింది. ఒక్క విద్యార్థి వివరం కూడా పోలేదు.

5. పరిష్కార క్రమం

పై ఉదాహరణలో సహాయకురాలు అనుసరించిన పద్ధతిని సూత్రరూపంలో ఇట్లు చెప్పుకోవచ్చు.

మొదటిది, సందేశాన్ని పూర్తిగా చదవడం. సాఫ్ట్‌వేరు పేరు, ఎం.ఎస్.ఐ. ఫైలు పేరు, వెదికిన చిరునామా, దోషసంఖ్య అనే నాలుగింటినీ వ్రాసుకోవాలి. వాడుకరి తెరచిన సాఫ్ట్‌వేరు ఒకటి, మూలం అడిగే సాఫ్ట్‌వేరు మరొకటి కావడం కూడా ఉన్నది. ఏదో ఒక ఫైలు పోయిందని గ్రహించి యంత్రం తనంతట తానే మరమ్మతుకు పూనుకొన్నపుడు ఇట్లు జరుగుతుంది.

రెండవది, విలువైన ఫైళ్లకు వేరే ప్రతి తీయడం. ఏ మార్పైనా దీని తరువాతనే.

మూడవది, చిరునామా ఎందుకు పనిచేయడం లేదో తెలుసుకోవడం. సి.డి. డ్రైవుకు ‘డి’ అక్షరం పోయి ‘ఇ’ వచ్చి ఉండవచ్చు. నెట్‌వర్కులోని కంప్యూటరు ఆగి ఉండవచ్చు. దాని పేరు మారి ఉండవచ్చు. ఫోల్డరుపై అనుమతి లేకపోవచ్చు. నెట్‌వర్కు ఫోల్డరుకు వాడుకరి ఇచ్చుకొన్న డ్రైవు అక్షరం ఇన్‌స్టాలరు సేవకు కనిపించకపోవడం కూడా కద్దు. అప్పుడు అక్షరానికి బదులు కంప్యూటరు పేరుతో కూడిన పూర్తి చిరునామా ఇవ్వాలి. మొదట ఇన్‌స్టాల్ చేసింది తాత్కాలిక ఫోల్డరు నుండి అయితే, శుభ్రపరచే క్రమంలో ఆ ఫోల్డరే చెరిగిపోయి ఉండవచ్చు.

నాలుగవది, సరిపోయే మూలాన్ని చూపడం. అదే కూర్పు, అదే భాష, అదే సంస్కరణ కావాలి. సొంత డిస్కు చెడిపోతే, తమకు లైసెన్సు ఉన్న అదే కూర్పు ప్రతిని సంస్థ నుండి గాని, అదే ప్యాకేజీ గల మరొక అధికారిక డిస్కు నుండి గాని పొందాలి.

ఐదవది, అప్పటికీ ఫలితం లేకపోతే ఇన్‌స్టాలరు చేత వివరమైన లాగ్ ఫైలును వ్రాయించడం. యంత్రం ఏ చోటు చూసినదీ, దేనిని ఏ కారణంతో తోసిపుచ్చినదీ అందులో వరుసగా ఉంటుంది. కళ్లకు కనిపించని తగాదాకు అది సాక్షి.

ఆరవది, సాఫ్ట్‌వేరును పూర్తిగా తొలగించి తిరిగి ఇన్‌స్టాల్ చేయడం. సరైన మూలం చేతిలో ఉన్నపుడే ఈ పనికి పూనుకోవాలి. లేకపోతే ఉన్న సగం కూడా పోతుంది.

6. చేయరాని పనులు

దారి తెలియనపుడు తొందర తోడైతే నష్టం రెట్టింపవుతుంది. డిస్కులో చోటు కోసం విండోస్‌లోని ‘ఇన్‌స్టాలర్’ ఫోల్డరును ఖాళీ చేయడం అట్టి తప్పులలో మొదటిది. అప్పటివరకు సజావుగా నడిచిన సాఫ్ట్‌వేర్లు కూడా ఆ తరువాత తొలగించబోయినా, అప్‌డేట్ చేయబోయినా మూలం అడుగుతాయి. అందులోని ఫైళ్లకు ప్రతి కంప్యూటరులోనూ వేరువేరు పేర్లు ఉంటాయి కనుక పక్క కంప్యూటరు నుండి తెచ్చి పెట్టుకోవడం కుదరదు. ఆఫీస్ 2003 తన సరకును హార్డ్ డిస్కులోనే ‘ఎంఎస్ఓక్యాష్’ అనే ఫోల్డరులో దాచుకొనేది. చోటు కోసం దానిని తొలగించినవారు కూడా ఆ తరువాత సి.డి. కోసం వెదకవలసి వచ్చింది.

రిజిస్ట్రీలో చేతికి తోచిన పంక్తులను చెరపడం రెండవ తప్పు. నమోదులను తుడిచివేయడానికి మైక్రోసాఫ్ట్ సంస్థ ‘విండోస్ ఇన్‌స్టాలర్ క్లీనప్ యుటిలిటీ’ అనే సాధనాన్ని ఇచ్చింది. అది కొన్ని సందర్భాలలో ఇతర భాగాలను దెబ్బతీస్తున్నదని 2010లో సంస్థే దానిని ఉపసంహరించుకొన్నది. నిపుణుల సాధనమే గురి తప్పినపుడు ఊహతో చేసే మార్పుల సంగతి చెప్పనక్కరలేదు.

ఊరూ పేరూ లేని చోటు నుండి ఎం.ఎస్.ఐ. ఫైలును డౌన్‌లోడ్ చేయడం మూడవ తప్పు. ఇన్‌స్టాలరుకు కంప్యూటరుపై ఉండే అధికారం చాలా పెద్దది. దాని చేతికి అపరిచిత ఫైలును అందించడం ఇంటి తాళాలను దారినపోయేవారికి అప్పగించడమే. ఇక కారణం విచారించకుండా ఫార్మాట్ చేయడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం వంటిది.

7. మారిన కాలం, మారని సూత్రం

విండోస్ విస్టా 2007 జనవరిలో సామాన్యుల చేతికి వచ్చిన నాటి నుండి తెలుగు లిపికి సి.డి. అవసరం తీరిపోయింది. విండోస్ ఎక్స్‌పికి సంస్థ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. 2010లో ఆఫీస్‌కు ‘క్లిక్ టు రన్’ అనే కొత్త పద్ధతి వచ్చింది. ఈ పద్ధతిలో సంపూర్ణ మరమ్మతుకు కావలసిన సరకు ఇంటర్నెట్ నుండి వస్తుంది. గోదాము చోటు మారింది గాని గోదాము అవసరం పోలేదు.

విండోస్ 8, విండోస్ 10 లలో ‘డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.5’ అనే భాగం ఇందుకు నిదర్శనం. పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని దీనిని కోరుతాయి. దాని పేరు ఫీచర్ల జాబితాలో కనిపిస్తుంది. ఫైళ్లు డిస్కులో ఉండవు. ఇంటర్నెట్ లేనిచోట, లేదా కార్యాలయపు సొంత అప్‌డేట్ సర్వరుకు కట్టుబడిన కంప్యూటరులో, మూల ఫైళ్లు దొరకలేదనే సందేశం ‘0ఎక్స్800ఎఫ్081ఎఫ్’ వంటి సంకేతంతో రావచ్చు. అదే సంస్కరణకు చెందిన విండోస్ డిస్కులో ‘సోర్సెస్’ ఫోల్డరు లోపలి ‘ఎస్ఎక్స్ఎస్’ ఫోల్డరును ‘డిస్మ్’ అనే సాధనానికి చూపితే ఆ భాగం చేరుతుంది. ఎక్స్‌పి కాలంలో ‘ఐ386’ను చూపిన పనికీ, ఈ పనికీ స్వభావంలో భేదం లేదు.

కనుక సాఫ్ట్‌వేరును ఇన్‌స్టాల్ చేసిన రోజుననే దాని మూలప్రతిని పేరు మార్చకుండా ఒక స్థిరమైన ఫోల్డరులో ఉంచుకోవాలి. లైసెన్సు సంఖ్యను, కూర్పు పేరును, తేదీని ఒక పుస్తకంలో వ్రాసుకోవాలి. డిస్కును బిల్లుతోపాటు బీరువాలో పెట్టాలి. పొలం దస్తావేజును పదిలపరచుకొనే జాతికి ఈ అలవాటు కొత్తది కాదు. అవసరం వచ్చిన రోజున యంత్రం అడిగే ప్రశ్న ఒక్కటే: “మూలమెక్కడ?” దానికి సమాధానం చెప్పగలిగిన వాడి పని ఆగదు.

కఠిన పదాలు – అర్థాలు

ఖతి : అక్షరాల రూపసముదాయం, ఫాంటు
నిద్రాణస్థితి : నిద్రలో ఉన్న స్థితి, మేల్కొనని స్థితి
కద్దు : ఉన్నది, కలదు
కూర్పు : ఒక సాఫ్ట్‌వేరుకు గల పలు రూపాలలో ఒకటి
దస్తావేజు : హక్కును నిరూపించే పత్రం
ఉపసంహరించు : వెనుకకు తీసుకొను
నిదర్శనం : ఉదాహరణ, రుజువు

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఇన్‌స్టాల్ చేసిన తరువాత కూడా సాఫ్ట్‌వేరుకు మూలప్రతి ఎందుకు అవసరమవుతుందో ఇల్లు కట్టే ఉదాహరణతో వివరించండి.
2. మూలం దొరకని దోషాన్ని పరిష్కరించే క్రమాన్ని పాఠం ఆధారంగా వ్రాయండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. విండోస్ ఇన్‌స్టాలర్ మూలాన్ని ఏ వరుసలో వెదుకుతుంది?
2. బీరువాలో దొరికిన సి.డి.ని యంత్రం ఎందుకు తిరస్కరించింది?
3. ‘ఇన్‌స్టాలర్’ ఫోల్డరును ఖాళీ చేయడం వలన కలిగే నష్టమేమిటి?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. “ఫార్మాట్ చేసి మొత్తం కొత్తగా వేయాలి సార్.”
2. “సందేశం మూసేయకండి సార్.”

ఈ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. విండోస్ ఎక్స్‌పితోపాటు వచ్చిన తెలుగు ఖతి పేరేమిటి?
2. ఆఫీస్ 2003 తన సరకును ఏ ఫోల్డరులో దాచుకొనేది?

ఉ) భాషాకార్యం
‘వెన్న చేతబట్టుకొని నేతికోసం ఊరంతా తిరిగినట్లు’, ‘ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లు’ అనే సామెతలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.